ఒకే వంటిల్లు, రెండు నెత్తుటి చుక్కలు

కిందటి శ్రావణంలో గుంటూరులో ఒక పెళ్ళికి బయలుదేరాం. ఇంట్లోంచి కదలడం ఆలస్యమైంది. ఆ ఆలస్యం నాదే. కళ్ళజోడు దగ్గర్నుంచి తాళంచెవి దాకా వెతుక్కుంటూ కూర్చున్నవాణ్ణి నేనే. సికిందరాబాదు స్టేషన్లో మెట్లెక్కి, వంతెన దాటి, అవతలి ప్లాట్‌ఫారానికి వెళ్ళాలి. నేను పెట్టె పట్టుకుని ముందు నడుస్తున్నాను. పైదాకా ఎక్కి వెనక్కి తిరిగి చూస్తే మా ఆవిడ సగం మెట్ల మీదే ఆగిపోయి, కమ్మీ పట్టుకుని రొప్పుతోంది. అమ్మాయి ఆవిడ చేతిసంచీ అందుకుని పక్కన నిలబడింది.

"ఓపిక లేనివాళ్ళు ఇంటిపట్టున ఉండాలి గాని ప్రయాణాలు పెట్టుకోకూడదు" అన్నాను, నలుగురూ వినేటట్టు.

రైలు దొరికింది. కిటికీ పక్క సీటు కూడా దొరికింది. గుంటూరు దాకా మాటలు మాత్రం దొరకలేదు.

నిజానికి ఆవిడ నీరసంగా ఉందని చెప్పడం అదే మొదలు కాదు. ఏడాదిగా చెబుతూనే ఉంది. నేను వింటూనే ఉన్నాను. "కాస్త నడుం వాల్చు" అని సలహా కూడా పారేసేవాణ్ణి. ఆ సలహాతోపాటు రెండోసారి కాఫీకి గ్లాసు కూడా చేతికిచ్చేవాణ్ణి. పెళ్ళినుంచి తిరిగొచ్చాక అమ్మాయే పట్టుబట్టి వాళ్ళమ్మను డాక్టరుగారి దగ్గరకు తీసుకెళ్ళింది. నేను వెనకాల వెళ్ళాను.

డాక్టరుగారు కింది కనురెప్ప లాగి చూశారు. గోళ్ళు చూశారు. నెత్తురు పరీక్ష రాశారు. మర్నాడు కాగితం చేతికొచ్చింది. హిమోగ్లోబిన్ 8.1 గ్రాములు. ఆడవాళ్ళకు 12కు తగ్గకూడదట. దాని కింద రెండు మాటలు: మైక్రోసైటిక్, హైపోక్రోమిక్. మాటలు కనిపిస్తే విడదీసి చూడడం నా వృత్తి గనక అక్కడికక్కడే అడిగాను. మొదటిదానికి కణాలు చిన్నవైపోయాయని అర్థమట. రెండోదానికి వాటి రంగు వెలిసిందని.

"ఇనుము చాలలేదు. మాత్రలు వాడాలి. పొట్టలో పురుగులున్నాయేమో చూడాలి. నెలనెలా నెత్తురు ఎక్కువ పోతోందేమో కూడా తేల్చుకోవాలి" అన్నారు డాక్టరుగారు. ఆ చివరిమాట గురించి ఆవిడతో విడిగా మాట్లాడారు.

బయటికొచ్చాక నాకు ఒక ఆలోచన వచ్చి సిగ్గేసింది. మన వైద్యులు దీనికి పాండురోగమని ఎప్పుడో పేరు పెట్టారు. పాండువు అంటే పాలిపోయిన రంగు. భారతంలో వ్యాసుణ్ణి చూసి భయంతో పాలిపోయిన అంబాలికకు పుట్టినవాడే పాండురాజు. లోహభస్మాలూ మండూరమూ ఈ రోగానికే వాడేవారు. ఇదంతా నాకు తెలుసు. ప్రబంధ నాయిక చెక్కిళ్ళు పాలిపోయాయని పద్యంలో వస్తే, అది విరహం వల్ల అని ఇరవై ఏళ్ళుగా క్లాసులో వ్యాఖ్యానం చెబుతున్నవాణ్ణి. పుస్తకంలో పాండిమ కనిపెట్టగలిగాను గాని ఎదురుగా కాఫీ తెచ్చిచ్చే మనిషి మొహంలో కనిపెట్టలేకపోయాను.

మా కాలేజీలో తెలుగుశాఖకు ఎదురుగా మైక్రోబయాలజీ లేబొరేటరీ ఉంది. అక్కడి మేడంగారు నాకంటే చిన్నవారు. ఎప్పుడైనా ఒక పదానికి తెలుగు కావలిస్తే నా గదికొస్తారు. ఈసారి నేనే వాళ్ళ గదికి వెళ్ళాను. "రంగు వెలియడమంటే ఏమిటమ్మా? నెత్తురు ఎర్రగానే ఉంది గదా?" అన్నాను.

"చెబితే అర్థం కాదు మాస్టారూ, చూడాలి. పరీక్ష చేసినచోట అడిగి ఆ గాజుపలక తెచ్చుకోండి. రేపు క్లాసులయ్యాక రండి" అన్నారు.

అడిగితే ఇచ్చారు. కాగితంలో చుట్టి, జేబులో పెట్టుకుని, అరచెయ్యి అడ్డం పెట్టుకుని తీసుకెళ్ళాను. వేలెడంత గాజుముక్క. మధ్యలో నాలుక ఆకారంలో లేతగా ఒక మరక. మా ఆవిడ నెత్తురన్నమాట.

మేడంగారు దాన్ని వెంటనే చూపించలేదు. "ముందు ఉత్త కంటితో ఎందుకు కనబడదో చూడండి" అని, వాళ్ళ టిఫిన్ డబ్బాలోంచి కాస్త పెరుగు తీసి, నీళ్ళు కలిపి, ఒక చుక్క గాజుమీద పెట్టి, సూక్ష్మదర్శినిలో చూడమన్నారు. చూశాను. ఏదో మసక. అంతకంటే ఏమీ లేదు.

"సూక్ష్మజీవులు అందులో లక్షలున్నాయి. కాని అవి గాజు లాంటివి. నీళ్ళలో గాజుముక్క వేస్తే ఎలా కనబడదో ఇవీ అలాగే. చిన్నవి కావడం ఒక్కటే ఇబ్బంది కాదు. రంగు లేకపోవడం అసలు ఇబ్బంది. అందుకే అద్దకం."

అద్దకమన్న మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మేడంగారు ఆ పెరుగునీళ్ళ చుక్కను మరో గాజుమీద పల్చగా పూసి, ఆరనిచ్చి, మంట మీదుగా రెండు మూడుసార్లు పోనిచ్చారు. దాంతో క్రిములు గాజుకు అంటుకుపోతాయి. తరవాత క్రిస్టల్ వయొలెట్ అనే ఊదారంగు పోసి ఒక్క నిమిషం ఉంచారు. కడిగి అయొడిన్ పోశారు. మరో నిమిషం. తరవాత ఆల్కహాలుతో కొద్ది సెకన్లు కడిగారు. చివర సఫ్రానిన్ అనే ఎర్రరంగు పోశారు. ఆరబెట్టి, నూనెచుక్క వేసి, వెయ్యిరెట్లు పెద్దది చేసే కటకం కింద పెట్టారు.

చూస్తే ఏం చెప్పను! ఊదారంగు పుల్లలు, ఊదారంగు పూసల దండలు. మనం రోజూ అన్నంలో కలుపుకునే పెరుగు!

మధ్యలో ఆ అయొడిన్ ఎందుకని అడిగాను. "మీకు తెలిసిందే. కలంకారీ వాళ్ళు పటిక ఎందుకు వాడతారు?" అని ఎదురుప్రశ్న వేశారు. పెడనలోనూ శ్రీకాళహస్తిలోనూ ఆ పని చూశాను. గుడ్డను కరక్కాయ నీళ్ళలోనూ పాలలోనూ నానబెట్టి, పటిక పెట్టి, అప్పుడు రంగులో ఉడికిస్తారు. పటిక పట్టినచోట ఎరుపు నిలుస్తుంది. పట్టనిచోట చాకిరేవులో పోతుంది. రంగును గుడ్డకు కట్టిపడేసేది పటిక. ఇక్కడ ఊదారంగును క్రిమి లోపల కట్టిపడేసేది అయొడిన్. గోడ దళసరిగా ఉన్న క్రిములు ఆల్కహాలు పోసినా ఆ ఊదాను వదలవు. గోడ పల్చగా ఉండి పైన కొవ్వుపొర ఉన్న క్రిములు వదిలేస్తాయి. అలా వెలిసిపోయిన వాటికి చివరి ఎరుపు పట్టి గులాబీరంగులో కనబడతాయి. పెరుగు తోడుపెట్టే క్రిములు మొదటి రకం. మన పేగుల్లో ఉండే ఎషరికియా కోలై రెండో రకం. ఏ మందు దేనిమీద పనిచేస్తుందో తేల్చుకోవడానికి వైద్యులకు ఈ రెండు రంగుల తేడా నేటికీ మొదటి ఆధారం.

ఈ పద్ధతి కనిపెట్టినవాడు డెన్మార్క్ దేశపు వైద్యుడు హాన్స్ క్రిస్టియన్ గ్రామ్. 1884లో బెర్లిన్‌లో పనిచేస్తూ ప్రకటించాడు. ఇంటికెళ్ళి 'గ్రామ్ అద్దకం' అంటే మా అమ్మాయి "ఎన్ని గ్రాములు నాన్నా?" అని అడిగింది. అది మనిషి పేరని చెప్పవలసి వచ్చింది.

క్షయక్రిమికి మాత్రం ఈ అద్దకం చాలదట. దానికి మైనం లాంటి పొర ఉంది. అంచేత ఫుక్సిన్ అనే ఎర్రరంగును వేడిచేసి మరీ ఎక్కిస్తారు. ఒకసారి ఎక్కితే ఆమ్లం పోసినా దిగదు. మిగతావన్నీ వెలిసిపోతే నీలిరంగు మధ్యలో ఎర్రటి సన్నని పుల్లల్లా అదొక్కటే నిలుస్తుంది. క్షయ ఒక క్రిమివల్ల వస్తుందని రాబర్ట్ కాక్ 1882 మార్చి 24న లోకానికి చెప్పగలిగాడంటే, దానికి రంగు పట్టించే ఉపాయం దొరకడం వల్లనే. తరవాతివాళ్ళు ఆ ఉపాయాన్ని సులువు చేశారు.

ఈ రంగులు ఎక్కణ్ణుంచి వచ్చాయో విన్నప్పుడు నాకు పురాణకథ విన్నట్టే ఉంది. 1856లో లండనులో విలియం పెర్కిన్ అనే పద్దెనిమిదేళ్ళ కుర్రాడు మలేరియాకు మందైన క్వినైన్‌ను తారునుంచి వచ్చే పదార్థాలతో తయారుచెయ్యాలని చూశాడు. క్వినైన్ రాలేదు. గిన్నె అడుగున ఊదారంగు మిగిలింది. దాంతో కృత్రిమ రంగుల పరిశ్రమే పుట్టుకొచ్చింది. ఆ రంగులే తరవాత సూక్ష్మదర్శినుల దగ్గరికి చేరి, మలేరియా క్రిమిని పట్టివ్వడానికి పనికొచ్చాయి. మందుకోసం వెతికితే రంగు దొరికింది; ఆ రంగు రోగం జాడ చెప్పింది.

"ఇక మీ పలక చూద్దాం" అన్నారు మేడంగారు. "నెత్తురుకు వేసేది లీష్మన్ అద్దకం. ఇందులో రెండు రంగులు కలిసి ఉంటాయి. ఒకటి నీలం, ఒకటి ఎరుపు. నీలానిది క్షారగుణం, అది ఆమ్లగుణం ఉన్న భాగాలకు అంటుకుంటుంది. ఎరుపుది ఆమ్లగుణం, అది క్షారగుణం ఉన్నవాటికి అంటుకుంటుంది."

"మా వ్యాకరణంలో సవర్ణాలు కలిస్తే దీర్ఘసంధి. మీ దగ్గర అసవర్ణాలకే సంధి అన్నమాట" అన్నాను. మేడంగారు నవ్వి, ఆ మాట నోటుబుక్కులో రాసుకున్నారు.

తరవాత ఒక పని చేశారు. నా వేలు కూడా సూదితో పొడిచి, చుక్క నెత్తురు తీసి, అదే పద్ధతిలో పలక తయారుచేశారు. పది పన్నెండు నిమిషాలు పట్టింది. "పోల్చుకోవడానికి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ పలక ఒకటి కావాలి. మీరు బాగానే ఉన్నట్టున్నారు" అన్నారు.

ముందు నాది చూశాను. గులాబీరంగు బిళ్ళలు, పక్కపక్కన, బంతిపూల రేకులు పరిచినట్టు. ఒక్కొక్కటి మిల్లీమీటరులో వెయ్యోవంతులు ఏడు మాత్రమే ఉంటుందట. మధ్యలో కాస్త లేతగా, చుట్టూ నిండుగా. అక్కడక్కడ ఊదారంగు గింజతో ఒక తెల్లకణం, కాపలావాడిలా.

తరవాత మా ఆవిడది పెట్టారు. నేను యంత్రం సరిగా లేదనుకున్నాను. మళ్ళీ తిప్పి చూశాను. బిళ్ళలు లేవు. సన్నని ఉంగరాలున్నాయి. మధ్యంతా ఖాళీ, అంచున మాత్రం లేత గులాబీ గీత. కొన్ని చిన్నవి, కొన్ని కోలగా సాగినవి, పుల్లలా ఒకటి. నా కణాలు నిండుకంచాలైతే అవి అంచులు మాత్రమే మిగిలిన కంచాలు.

"కణానికి ఎరుపునిచ్చేది హిమోగ్లోబిన్. దాని నడుమ ఉండేది ఇనుము. ఇనుము లేకపోతే కణం నిండదు. ప్రాణవాయువును మోసేది అదే గనక మోత సరిపోదు. మెట్లెక్కితే గుండె దడదడలాడేది అందుకే" అన్నారు మేడంగారు.

ఆవిడకు స్టేషను వంతెన సంగతి తెలియదు. నేను చెప్పలేదు కూడా.

"ఇద్దరూ ఒకే వంట తింటారు గదా?" అని అడిగారు.

"ఒకే వంట" అన్నాను, కొంచెం గర్వంగానే.

"మీ ఆవిడగారు ఎప్పుడు తింటారు? ఏం తింటారు?"

జవాబు చెప్పబోయి ఆగిపోయాను. ఇరవై ఏళ్ళ కాపురంలో మా ఆవిడ కంచంలో ఏముంటుందో నేను చూడలేదు. నేను కాలేజీకి వెళ్ళాకో, చెయ్యి కడుక్కుని పేపరు పట్టుకున్నాకో ఆవిడ తింటుంది. నాకు తెలిసినది అంతే.

నేను మాట్లాడకపోవడం చూసి మేడంగారు మాట మార్చారు. "ఈ నెత్తుటి కథ మన ఊరిదే మాస్టారూ, బేగంపేటలో జరిగింది" అన్నారు.

ఆ కథ మీలో చాలామందికి తెలిసిందే. రోనాల్డ్ రాస్ అనే సైనికవైద్యుడు సికిందరాబాదు దండులో పనిచేస్తూ, 1897 ఆగస్టులో ఉక్కపోతలో దోమలను కోసి చూస్తూ కూర్చున్నాడు. పంకా వేస్తే కోసిన దోమలు ఎగిరిపోతాయని పంకా కూడా వద్దన్నాడు. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టాయి. హుసేన్‌ఖాన్ అనే మలేరియా రోగి తనను దోమలచేత కుట్టించుకున్నాడు. దోమకు అణా చొప్పున పది దోమలకు పది అణాలు పుచ్చుకున్నాడు. ఆగస్టు 20న, రెక్కలమీద మచ్చలున్న ఒక దోమ కడుపుగోడలో రాస్ కొన్ని గుండ్రని కణాలు చూశాడు. వాటిలో నల్లటి నలుసులున్నాయి. మర్నాడు మరో దోమలో అవి ఇంకా పెద్దవయ్యాయి. మలేరియా దోమలో పెరుగుతుందని రుజువైంది. దోమ కాటుతో రోగం ఎలా పాకుతుందో 1898లో కలకత్తాలో పక్షుల మీద తేల్చాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. బేగంపేటలో ఆయన పనిచేసిన భవనం ఆయన పేరుతోనే ఉంది.

నేను ఎరగనిది ఒకటి మేడంగారు చెప్పారు. రాస్ ఆ రోజు ఏ అద్దకమూ వెయ్యలేదు. ఆ నల్లటి నలుసులే ఆయనకు ఆనవాలు. 1880లో అల్జీరియాలో లావెరాన్ అనే ఫ్రెంచి వైద్యుడు రోగుల నెత్తుట్లో చూసినవీ ఆ నలుసులే. మలేరియా క్రిమి ఎర్రకణంలో దూరి, అందులోని హిమోగ్లోబిన్ తిని, అరగని ఇనుపభాగాన్ని నల్లటి నలుసుగా మిగులుస్తుంది. అంటే దొంగ తిని పారేసిన ఎంగిలి చూసి రాస్ దొంగను పట్టుకున్నాడు. మలేరియా వచ్చి తగ్గిన మనిషి ఎందుకు పాలిపోతాడో కూడా దీన్నిబట్టి తెలుస్తుంది. క్రిమి తినడమే కాదు, కణాన్ని పగలగొట్టుకుని మరీ బయటికొస్తుంది.

"మీ ఇంట్లో ఏ క్రిమీ లేదు. మరి ఆ ఇనుము ఎవరు తిన్నారు?" అని నన్ను నేను అడుక్కుంటూ ఇంటికొచ్చాను.

బేగంపేటలో ఆ సగం ఉంటే, తార్నాకలో రెండో సగం ఉంది. జాతీయ పోషకాహార సంస్థ ముందునుంచి బస్సులో ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. అది మన ఊళ్ళో పుట్టినది కాదు. 1918లో నీలగిరుల్లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ అనే వైద్యుడు ఒక చిన్న గదిలో బెరిబెరి మీద మొదలుపెట్టిన పరిశోధన అది. బెరిబెరి మనకు కొత్త కాదు. బాగా పాలిష్ పట్టిన బియ్యం, గంజి వార్చిన అన్నం తినే ఉత్తర సర్కారు జిల్లాల్లో అది ఒకప్పుడు పాతుకుపోయి ఉండేది. బియ్యం పైపొరలోని విటమిను మిల్లులో కొంత, గంజిలో కొంత పోయేది. 1958లో ఆ పరిశోధనాలయం హైదరాబాదుకు వచ్చింది. గోపాలన్‌గారి నాయకత్వంలో పెరిగి, 1969లో ఇప్పటి పేరు పెట్టుకుంది. ఏ తిండిలో ఏముందో, మన మనిషికి రోజుకు ఎంత కావాలో లెక్కకట్టేది ఈ సంస్థే.

ఆ లెక్క చూశాను. 2020లో భారత వైద్య పరిశోధనా మండలితో కలిసి వాళ్ళు ప్రకటించిన ప్రకారం మగవాడికి రోజుకు 19 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. ఆడవాళ్ళకు 29. నెలనెలా పోయే నెత్తురే ఆ తేడాకు కారణం. మన ఇళ్ళలో వడ్డన ఎలా జరుగుతుందో గుర్తు చేసుకోండి. 19 కావలసినవాడికి ముందు, నిండుగా. 29 కావలసినవాళ్ళకు చివర, మిగిలితే.

ఇది నా ఇంటి లెక్క ఒక్కటే కాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, దేశం మొత్తంమీద 15 నుంచి 49 ఏళ్ళ మగవాళ్ళలో నూటికి 25 మందికి రక్తహీనత ఉంటే, ఆడవాళ్ళలో 57 మందికి ఉంది. ఆడవాళ్ళ సంఖ్య తెలంగాణలో 57.6, ఆంధ్రప్రదేశ్‌లో 58.8. బీదాబిక్కీ సంగతి ఇది, మనకేమిటి అని నేనూ అనుకునేవాణ్ణే.

రక్తహీనతలన్నీ ఇనుము లోపం వల్ల వచ్చేవి కావు. కణాలు చిన్నవి కాకుండా పెద్దవైపోయే రకం ఒకటి ఉంది. దానిమీద లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు బొంబాయిలో గర్భిణీ స్త్రీల మధ్య పనిచేసింది. దానికి మందైన ఫోలిక్ యాసిడ్‌ను 1945లో అమెరికాలో తయారుచేసిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. నెత్తురు తగ్గించే స్ప్రూ జబ్బుకు తన సోదరులను పోగొట్టుకున్న మనిషి ఆయన. ఏ రకమో తేలకుండా మందు మింగకూడదు. ఆ తేల్చేది రంగు వేసిన గాజుపలక, ఒక చుక్క నెత్తురు.

ఆ ఆదివారం మా ఇంట్లో ఒక పని చేశాను. భోజనమయ్యాక లేవకుండా అక్కడే కూర్చున్నాను. "ఇంకా ఏమైనా కావాలా?" అని ఆవిడ రెండుసార్లు అడిగింది. "నువ్వు తిను, కూర్చుంటాను" అన్నాను. ఎంత విచిత్రంగా చూసిందంటే, పెళ్ళిచూపుల నాడు కూడా అంత అనుమానంగా చూడలేదు.

వడ్డించుకుంది. తోటకూర పప్పు గిన్నె నాకూ అమ్మాయికీ మా అమ్మకూ సరిపోయింది. అడుగున గరిటెడు మిగిలింది. దాంట్లో అన్నం కలిపి తుడిచేసింది. కూర అయిపోయింది. ఆవకాయ వేసుకుంది. మజ్జిగ పోసుకుంది. లేచి, చెయ్యి కడుక్కుని, వెంటనే టీ పెట్టుకుంది. "తిన్న తరవాత ఇది తాగకపోతే తల తిరుగుతుంది" అంది.

ఇనుము ఎవరు తిన్నారో నాకు తెలిసింది. కొంత నేను తిన్నాను. కొంత ఆ టీ తిన్నది. టీలోనూ కాఫీలోనూ ఉండే వగరు పదార్థాలు తిండిలోని ఇనుమును పట్టేసుకుని ఒంటికి అందనివ్వవు. మాంసంలోని ఇనుము ఒంటికి తేలిగ్గా పడుతుంది గాని, ఆకుకూరలు, పప్పులు, రాగులు, నువ్వులు వీటిలోని ఇనుము పట్టేది తక్కువ. దానికి పులుపు తోడుకావాలి. నిమ్మ, ఉసిరి, జామ వీటిలోని సి విటమిను ఆ ఇనుమును ఒంటికి అందిస్తుంది. శాకాహారుల ఇళ్ళలో ఈ తోడు మరీ అవసరం.

వంటింట్లో ఈ ఉపన్యాసం నేనిస్తూంటే మా అమ్మ వింది. "మేమూ అలాగే తిన్నాం నాయనా. చివరే తిన్నాం. బతకలేదూ?" అంది. తరవాత కాసేపటికి, తనలో తాను అనుకున్నట్టు, "నీ తరవాత పుట్టిన పిల్లప్పుడు నూతి దగ్గర రెండుసార్లు పడిపోయాను. దిష్టి అన్నారు" అంది. ఆ మాట నేను అదే వినడం. ఆ పిల్ల దక్కలేదని మాత్రం నాకు తెలుసు. అది దేనివల్లనో ఇప్పుడెవరు చెప్పగలరు? ఆ రోజున ఎవరూ చూడలేదు.

అమ్మాయికి కూడా పరీక్ష చేయించాం. 10.6. పదిహేడేళ్ళ పిల్ల. అన్నం తగ్గిస్తే సన్నబడతానని పొద్దున తినడం మానేసిందట.

ఇప్పుడు మా ఇంట్లో కొన్ని మార్పులు జరిగాయి. గొప్పవేమీ కావు. నలుగురం ఒకేసారి కూర్చుంటాం. గిన్నెలు మధ్యలో ఉంటాయి, ఎవరికి వారే వడ్డించుకుంటాం. ఆకుకూర రెండు కట్టలు ఎక్కువ తేవడం నా పని. పప్పులో నిమ్మకాయ పిండడం అమ్మాయి పని. టీ, కాఫీ భోజనానికి గంటా గంటన్నర ఎడంగా. ఈ చివరిది అన్నిటికంటే కష్టమైంది. మొదటివారం నేనే రెండుసార్లు తప్పాను. మాత్రలు మాత్రం డాక్టరుగారు చెప్పినట్టే, చెప్పినన్నాళ్ళూ. ఇనుము లోపం ముదిరాక తిండితోనే పూడదని ఆయన గట్టిగా చెప్పారు. ఎర్రకణం ఆయుర్దాయం 120 రోజులు. పాతవి పోయి నిండైనవి రావడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి.

కార్తీకం వెళ్ళాక మళ్ళీ పరీక్ష చేయించాం. 10.9. ఇంకా దారి ఉంది. కొత్త పలక కూడా అడిగి తెచ్చుకుని మేడంగారి దగ్గరకు వెళ్ళాను. ఉంగరాల మధ్య నిండు బిళ్ళలు కనిపించాయి. పాతవీ కొత్తవీ పక్కపక్కనే. "ఇంకో మూడు నెలలు మానకండి" అన్నారావిడ.

సంక్రాంతికి మళ్ళీ గుంటూరు ప్రయాణం పడింది. అదే స్టేషను, అవే మెట్లు. ఈసారి పెట్టెతోపాటు అరిసెల డబ్బా కూడా నా చేతిలో పెట్టారు. సగం మెట్లెక్కేసరికి నాకు ఆయాసం వచ్చి ఆగాను. తలెత్తి చూస్తే మా ఆవిడ పైన వంతెన మీద, కమ్మీకి ఆనుకుని, అమ్మాయితో కబుర్లాడుతూ నాకోసం ఎదురుచూస్తోంది. శ్రావణంలో నేనన్న మాట అనడానికి ఆవిడకు అంతకంటే మంచి అవకాశం రాదు. అనలేదు.

రెండు మెట్లు కిందికి దిగి, "ఆ డబ్బా ఇటివ్వండి" అంది.